హైదరాబాద్ నుంచి జిద్దా: ఫాసలా అదే, సఫర్ వేరు

హైదరాబాద్ నుంచి జిద్దాకు నేరుగా చూస్తే ఫాసలా సుమారు 4,100 కిలోమీటర్లు. శంషాబాద్‌లో ఎక్కిన విమానం ఆరు గంటల్లోపే దించేస్తుంది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఉదయం పదింటికి బయల్దేరితే అక్కడి టైము ప్రకారం మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా చేరిపోయి, జొహర్ నమాజు జిద్దాలోనే చదువుకోవచ్చు.

మరి మన బుజుర్గుల సఫర్ ఎలా సాగేది?

కుతుబ్‌షాహీల జమానాలో దారి మచిలీపట్నం మీదుగా ఉండేది. మనం ఇప్పటికీ దాన్ని బందరు అంటాం. ఫార్సీలో బందర్ అంటే రేవు. గోల్కొండ నుంచి ఎడ్ల బండ్ల మీద బందరు చేరి, అక్కడ తెరచాప జహాజ్ ఎక్కేవారు. సుల్తానుల జహాజ్‌లు ఎర్ర సముద్రానికి సరుకుతో పాటు హాజీలనూ తీసుకెళ్లేవి.

ఆ జహాజ్‌లకు హాకిమ్ గాలే. చలికాలపు గాలి పడమటికి తీసుకెళ్తుంది, వానాకాలపు గాలి వెనక్కి తెస్తుంది. మాన్సూన్ అనే మాట కూడా అరబీ 'మౌసిమ్' నుంచే వచ్చింది. చిక్కేమిటంటే, గాలి సూర్యుడి లెక్కన నడుస్తుంది, హజ్ చంద్రుడి లెక్కన వస్తుంది. జుల్‌హిజ్జ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, గాలి మాత్రం జరగదు. అందుకే కొన్నేళ్లలో హాజీలు మక్కాలో నెలల తరబడి హజ్ కోసం ఆగాలి, హజ్ అయ్యాక మళ్లీ గాలి కోసం ఆగాలి. ఇల్లు చేరేసరికి ఏడాది దాటిపోయేది.

ఆవిరి జహాజ్ వచ్చాక గాలి హుకూమత్ పోయింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఎర్ర సముద్రంలో స్టీమర్ల రాకపోకలు పెరిగాయి. 1874లో నిజాం రైలు మార్గం వాడి దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఇక బందరు బదులు బొంబాయే మన హాజీల దర్వాజా అయింది. రైల్లో బొంబాయి, అక్కడ ముసాఫిర్‌ఖానాలో బస, ఆపై సముద్రం మీద పది రోజులు, కాస్త అటూ ఇటూ. 1995లో ముంబయి-జిద్దా ఓడ ప్రయాణం ఆగిపోయింది. అప్పటినుంచి మన హాజీలకు మిగిలింది విమానమే.

పాత సఫర్‌లో తక్లీఫ్ ఎక్కువ. తుఫాను, బీమారీ, సముద్రంలోనే మౌత్. తిరిగొస్తామన్న భరోసా లేదు గనక కర్జ్ తీర్చి, వసీయత్ రాసి, గల్లీలో ప్రతి ఇంటికీ వెళ్లి మాఫీ అడిగి బయల్దేరేవారు. జహాజ్ మీద రోజుల కొద్దీ మనాసిక్ నేర్చుకునేవారు. యలమ్‌లమ్ ఎదురుగా వచ్చాక ఇహ్రామ్ కట్టేవారు. నియ్యత్ స్థిరపడటానికి దారే మోహ్లత్ ఇచ్చేది.

విమానం మీఖాత్‌ను నిమిషాల్లో దాటేస్తుంది. అందుకే చాలామంది ఎక్కకముందే ఇహ్రామ్ కట్టుకుంటున్నారు. మిగతా తయారీ కూడా అలాగే ముందుకు జరగాలి. బుజుర్గులకు సముద్రం ఇచ్చిన ఆ రోజులను మనం ఇంట్లోనే తీసి పెట్టుకోవాలి: మనాసిక్ నేర్చుకోవడానికి, అప్పుల లెక్క చూసుకోవడానికి, మాటల్లేని తమ్ముడి ఇంటి తలుపు తట్టడానికి. ఆరు గంటల విమానంలో వీటికి వక్త్ దొరకదు.