బహుళ క్యాలిబర్ రైఫిల్ సైలెన్సర్

బహుళ క్యాలిబర్ రైఫిల్ సైలెన్సర్ అనగా వేర్వేరు క్యాలిబర్లు గల రైఫిళ్ళకు మార్చి మార్చి అమర్చుకొనుటకు వీలున్న సైలెన్సర్. దీనిని సప్రెసర్ అని కూడా అంటారు. పేరు సైలెన్సర్ అయినా ఇది తుపాకీని నిశ్శబ్దం చేయదు. రైఫిల్ పేలుడు ధ్వని సాధారణంగా 160 డెసిబెళ్ళకు పైగా ఉంటుంది. మంచి సైలెన్సర్ అందులో సుమారు 20 నుండి 35 డెసిబెళ్ళు తగ్గిస్తుంది. ధ్వని వేగాన్ని (సెకనుకు సుమారు 340 మీటర్లు) మించి పోయే గుండు గాలిలో పుట్టించే చప్పుడును ఏ సైలెన్సరూ ఆపలేదు. సినిమాలలో వినిపించే మెత్తని శబ్దం కల్పన మాత్రమే.

చరిత్ర

వాణిజ్యపరంగా విజయం సాధించిన తొలి సైలెన్సర్‌కు అమెరికాకు చెందిన హైరం పెర్సీ మాక్సిం 1909లో పేటెంటు పొందాడు. ఇతడు మాక్సిం మరతుపాకీని కనిపెట్టిన హైరం స్టీవెన్స్ మాక్సిం కుమారుడు.

నిర్మాణం

సైలెన్సర్ లోపల వరుసగా అడ్డుబిళ్ళలు ఉంటాయి. వీటిని బాఫిళ్ళు అంటారు. ప్రతి బిళ్ళ మధ్య గుండు పోయేందుకు ఒక రంధ్రం ఉంటుంది. గుండు వెనుక వచ్చే వేడి వాయువులు ఈ అరలలో చిక్కుకొని, చల్లబడి, మెల్లగా బయటకు వస్తాయి. అందువలన శబ్దం తగ్గుతుంది.

రంధ్రం పరిమాణం

ఎంపికలో మొదటి నియమం ఇది: తన వద్ద ఉన్న రైఫిళ్ళలో అన్నిటికంటే లావు గుండుకు సరిపోయే రంధ్రం ఉండాలి. తూటాల పేర్లను బట్టి దీనిని నిర్ణయించరాదు. 5.56 మి.మీ. నాటో గుండు అసలు వ్యాసం సుమారు 5.7 మి.మీ., 6.5 క్రీడ్‌మూర్ గుండుది 6.7, 7.62 మి.మీ. నాటో గుండుది 7.8, .338 లపువా మాగ్నం గుండుది 8.6 మి.మీ.

7.62 కొరకు చేసిన సైలెన్సర్‌ను 5.56 రైఫిల్‌కు వాడవచ్చు. రంధ్రం వదులుగా ఉండుట వలన శబ్దం కొద్దిగా ఎక్కువ వస్తుంది, బరువు కూడా ఎక్కువ. అయినా చాలామందికి ఈ నష్టం లెక్కలోనిది కాదు. దీనికి విరుద్ధంగా, 5.56 సైలెన్సర్ గుండా 7.62 గుండు పోనిస్తే అది బిళ్ళలను ఛేదిస్తుంది. సైలెన్సర్ పగిలి కాల్చేవారికి, పక్కవారికి గాయాలు కావచ్చు.

ఈ పొరపాటు జరగడం సులభం. అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు గల మర .22 రైఫిళ్ళకు, 5.56 రైఫిళ్ళకు, 9 మి.మీ. తుపాకులకు కూడా అమెరికాలో వాడుకలో ఉన్నది. కనుక మర సరిపోయినంత మాత్రాన సైలెన్సర్ సరిపోయినట్లు కాదు. .300 బ్లాకౌట్ విషయం ఇంకా చిక్కు. దీని తూటాలు 5.56 మ్యాగజైన్‌లోనే పడతాయి, రైఫిల్ రూపమూ అదే, కాని గుండు 7.8 మి.మీ. ఉంటుంది.

పీడనం, మన్నిక

రంధ్రం ఒక్కటే చాలదు. .300 వించెస్టర్ మాగ్నం గుండు వ్యాసం 7.62 నాటో గుండుకు సమానమే, కాని అందులో మందు చాలా ఎక్కువ. గొట్టం పొట్టిదైన కొలదీ కొస వద్ద పీడనం పెరుగుతుంది. అందుచేత తయారీదారులు ఏయే తూటాలకు ఎంత కనీస పొడవు గొట్టం ఉండాలో తెలుపుతారు. టైటానియం తేలిక, కాని వేగంగా వరుస కాల్పులు జరిపినపుడు వేడికి బలం తగ్గుతుంది. ఉక్కు, ఇంకోనెల్ బరువైనవి, ఎక్కువ ఓర్చుకొంటాయి.

.22 తూటాలు సీసపు మడ్డి వదులుతాయి. విప్పి శుభ్రం చేయుటకు వీలులేని సైలెన్సర్‌తో వాటిని కాల్చకపోవడం మేలు.

అమరిక

సైలెన్సర్ గొట్టంతో ఒకే వరుసలో లేకపోతే గుండు బిళ్ళలకు తగులుతుంది. రైఫిల్ మార్చిన ప్రతిసారీ, కాల్చే ముందు, తూటాలు తీసివేసిన గొట్టంలో నిటారైన కొలత కడ్డీ పెట్టి సరిచూసుకోవచ్చు. గురి కూడా కొంత మారుతుంది కనుక తిరిగి సరిచేసుకోవాలి. స్వయంచాలిత రైఫిళ్ళలో వాయువులు వెనుకకు తన్ని కాల్చేవారి ముఖం మీదకు వస్తాయి. బోల్టు రైఫిళ్ళలో ఈ బాధ దాదాపు ఉండదు.

చట్టం

అమెరికాలో 1934 నాటి చట్టం క్రింద ఒక్కొక్క సైలెన్సర్‌కు 200 డాలర్ల పన్ను, నమోదు ఉండేవి. అనేక రైఫిళ్ళకు ఒకటే కొనే అలవాటుకు ఇదొక ముఖ్య కారణం. 2026 జనవరి 1 నుండి పన్ను సున్నా అయినది, నమోదు మాత్రం కొనసాగుతున్నది. కొన్ని రాష్ట్రాలలో సైలెన్సర్లు నిషిద్ధం. నార్వే, ఫిన్లాండ్ దేశాలలో వేటగాళ్ళు వీటిని విరివిగా వాడతారు. భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959 తుపాకీ నిర్వచనంలోనే ధ్వనిని, మంటను తగ్గించే ఉపకరణాలను చేర్చినది. కావున అనుమతి లేకుండా సైలెన్సర్ కలిగి ఉండుట నేరం.