మండువాలో మే గుస్తా

పొద్దున ఎనిమిది. గ్వాటెమాలాలోని ఆంటిగ్వా ఊరికి చలి ఇంకా వదల్లేదు. రాళ్లు పరిచిన వీధిలోంచి బడి తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే అచ్చం మన మండువా లోగిలే: నడుమ ఆకాశం, చుట్టూ వసారా, వసారా పొడుగునా చిన్న చిన్న బల్లలు. బల్లకి రెండే కుర్చీలు. ఒకటి టీచరుకి, ఒకటి మీకు. ఇక్కడి స్పానిష్ బళ్లు చాలావరకు ఇంతే. రోజుకి నాలుగు గంటలు ముఖాముఖి మాటలే. దాక్కుందామంటే వెనక బెంచీ ఉండదు.

"కోమో అమనెసియో?" అంటుందావిడ. ఎలా తెల్లవారింది మీకు, అని. మన ఇళ్లలో 'తెల్లారిందా?' అంటే దెప్పడం, ఇక్కడ మర్యాద. ఆవిణ్ణి 'సేన్యో' అనాలి. ఆవిడ మిమ్మల్ని 'ఉస్తేద్' అంటుంది, అంటే మీరు.

వయసెంత అని అడుగుతుంది. మీరు తెలుగులోంచి ఇంగ్లీషులోకి, అక్కణ్ణించి స్పానిష్‌లోకి రెండు బస్సులు మారి "సోయ్ క్వరెంతా" అంటారు. నేను నలభైని! ఆవిడ తల అడ్డంగా ఊపి "తెంగో..." అని అందిస్తుంది. నా దగ్గర నలభై ఏళ్లున్నాయి అన్నట్టు చెప్పాలట. సరే, "తెంగో క్వరెంతా ఆనోస్."

ఆవిడ కాగితం నోటికి అడ్డం పెట్టుకుంటుంది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి తేరుకుని, ఆ మాట కాగితం మీద రాసి 'న' మీద పెన్సిలుతో చిన్న అల గీస్తుంది. ఆన్యోస్. ఆ అల లేకపోతే అర్థం మలద్వారాలు. ఒంటికి ఒకటి చాలినవి నలభై ఉన్నాయని చెప్పుకున్నారు మీరు.

కాఫీ వస్తుంది. బాగుందని చెప్పబోయి "యో గుస్తో" అంటారు. కాదు. మళ్లీ అదే. కాదు. ఆవిడ "మే గుస్తా" అని రాసి, మే కింద గీత గీసి మీ వైపు చూపిస్తుంది, గుస్తా కింద గీసి కప్పు వైపు. నాకు... నచ్చుతుంది. ఓస్, ఇంతేనా! నచ్చే పని కాఫీది, మీరు ఉత్త 'నాకు'. రొట్టెలైతే మే గుస్తాన్, నచ్చుతాయి. పొద్దుటినుంచీ ఇంగ్లీషు మీదుగా చుట్టూ తిరుగుతున్నారు, పెరటి దారి ఉండగా.

దూరాన ఫ్వేగో అగ్నిపర్వతం ఓ గుక్కెడు పొగ వదులుతుంది. ఆవిడ తల తిప్పదు. కూలిన చర్చి గోడ గురించి అడిగితే 1773 అని అంకెల్లో రాసి, చదవమంటుంది. "మిల్ సెతెసియెంతోస్ సెతెంతా ఇ త్రేస్" అనేసరికి మీకు ఆయాసం. ఏమైంది అంటే "తెర్రెమోతో" అని బల్లని రెండు చేతులా కుదుపుతుంది. భూకంపం.

చివరి అరగంట 'ర'తో కుస్తీ. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. మన బండి ఱని ఎప్పుడో అటకెక్కించాం గదా, ఇప్పుడు దించాలి. చిన్నప్పుడు బస్సాటలో డుర్ర్ర్ అన్నట్టు అనండి. వచ్చింది! ఇక ఆగదు.

మధ్యాహ్నం బస ఇచ్చిన ఇంట్లో భోజనం. మొక్కజొన్న రొట్టెలు, నల్ల బీన్స్. ఇంటావిడ రెండోసారి గరిటె ఎత్తుతుంది. "మే గుస్తా, పెర్రో..." అంటారు, నచ్చింది కానీ చాలు అని చెప్పబోతూ.

పక్కన కూర్చున్న పిల్లాడు వంగి బల్ల కిందకి చూస్తాడు.