శంషాబాదు బాటలో దారిమర్యాదలు

బండి ఎడమ ప్రక్కగా నడుపవలెనను నియమము మన దేశమందంతటను ఒక్కటే. 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమైనను, దాని స్థానమున వచ్చిన 1988వ సంవత్సరపు చట్టమైనను, సీమకొక రీతిగా దారి నడవుమని చెప్పలేదు. ఒక జిల్లాలో పొందిన లైసెన్సు దేశమంతట చెల్లును. అయినను ఒక ప్రాంతమున చేయి తిరిగిన చోదకుడు వేరొక ప్రాంతమునకు కాపురము మార్చినపుడు మొదటి కొలది మాసములు తడబడుచునే ఉండును. చట్టమునకు ఒక భాష, దారికి మరియొక భాష ఉండుటయే ఇందులకు కారణము. ఈ రెండవ భాషకు వ్యాకరణము వ్రాసినవారు లేరు కాని, దానికి చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను పరికించుటకు శంషాబాదు కంటె అనువైన చోటు తెలుగునాట అరుదని మా తలంపు.

నేడు శంషాబాదు అనగానే విమానాశ్రయము స్ఫురించును. అది మొన్నటి మాట. అంతకు ముందు ఈ ఊరు హైదరాబాదునకు దక్షిణమున కర్నూలు బాటమీద ఒక మజిలీ. ఉత్తరాది నుండి కన్యాకుమారి వరకు సాగిన ఆ బాటకు ఏడవ నంబరు జాతీయ రహదారి యని పేరుండెను. 2010లో నంబర్లు మార్చినపుడు అది నలుబది నాలుగవది అయినది. కర్నూలు వద్ద తుంగభద్రను దాటి, అలంపూరు చౌరస్తా, జడ్చర్ల, షాద్‌నగరు మీదుగా వచ్చినవాడు శంషాబాదు చేరిన పిదపనే నగరపు పొలిమేర చూచును. 1956 వరకు ఆ తుంగభద్రయే రెండు రాజ్యముల నడుమ ఎల్ల. దక్షిణపుటొడ్డున కర్నూలు, ఆంధ్ర రాష్ట్రపు రాజధాని. ఉత్తరపుటొడ్డున అలంపూరు తాలూకా, హైదరాబాదు రాజ్యములోనిది.

1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రము మూడేండ్లు కర్నూలులో, కొంత భాగము గుడారములలో, సంసారము గడపినది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము అవతరించుటతో ఆ సంసారమంతయు హైదరాబాదునకు తరలినది. కాగితములు, బల్లలు, గుమాస్తాలు, వారి కుటుంబములు ఉత్తరపు దారి పట్టిరి. రైలున వచ్చినవారు వచ్చిరి. రోడ్డున వచ్చినవారికి మాత్రము శంషాబాదు మీదుగానే దారి. వచ్చినవారి ఉద్యోగములను గురించి, స్థానికుల హక్కులను గురించి ఆ తరువాత జరిగిన వాదములు అందరెరిగినవే. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము. మేమిచట చెప్పదలచినది అంతకంటె చిన్న సంగతి. ఆ వచ్చినవారు వీధిలో అడుగు పెట్టగానే ఎదురైన మాటలు వేరు.

కోస్తాలో నాలుగు బాటలు కలిసిన చోటు ‘సెంటరు’. ఇచట అదియే ‘చౌరస్తా’. అచట గుర్రపుబండి జట్కా, ఇచట టాంగా. అచటి వారికి ‘తిన్నగా’ పోవలసిన దారి ఇచట ‘సీదా’ అగును. బెజవాడలో కాలువ పేరు చెప్పి దారి చూపుదురు. హైదరాబాదులో కమాను పేరో, దర్వాజా పేరో చెప్పుదురు, కమాను కూలిపోయి ఏండ్లు గడచినను సరే. ఆంధ్ర జిల్లాల బస్సులో బండి ఆగవలెనన్న ‘హోల్డాన్’ అని కేక, ఇచట ‘రోకో’. ఇక బండి కదలవలెనన్న ‘రైట్, రైట్’ అను మాట తెలుగు దేశమంతట వ్యాపించినది. ఇంగ్లీషు తెలిసిన క్రొత్తవాడు ఆ కేక విని బస్సు కుడికి తిరుగునేమో అని తప్పుకొన్నచో అది అతని తప్పు కాదు. ఆ మాటకు ‘సరియే, పోవచ్చును’ అని అర్థము.

బస్సుల విషయమున రెండు ప్రాంతముల అలవాట్లకు మరింత లోతైన భేదముండెను. హైదరాబాదు రాజ్యములో 1932లోనే నిజాము రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను ఆరంభించిరి. బస్సనగా సర్కారు బండి, దానికొక వేళ, ఒక నిలుపుదల స్థలము కలవని ఇచటి ప్రయాణికుడు తలచుచుండెను. ఆ బండ్ల నంబర్లలో ‘జెడ్’ అను అక్షరము నిజాము తల్లి జహ్రా బేగము పేరిట చేర్చబడినదను మాట నేటికిని ప్రచారములో ఉన్నది. మద్రాసు రాజధానిలో నుండిన జిల్లాలలోనో, బస్సులు ప్రయివేటు యజమానులవి. చేయి యెత్తిన చోట ఆగుట, ముందు పోవు బండిని దాటి ఆ ప్రయాణికులను తామెక్కించుకొనుట అచటి వ్యాపార ధర్మము. 1958 జనవరి 11వ తేదీన రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన పిమ్మట గాని ఈ రెండు సంప్రదాయములు ఒక్క గొడుగు క్రిందికి రాలేదు. ఒక్క గొడుగు క్రిందికి వచ్చుట వేరు, ఒక్కటగుట వేరు!

ఇక మాటలు గాక చేతులతో, దీపములతో, కొమ్ముతో పలికెడి భాష ఉన్నది. ప్రాణములతో చెలగాటమంతయు ఇచటనే.

మోటారు బండ్లకు ప్రక్కదీపములు లేని కాలమున చోదకుడు కుడిచేతిని కిటికీ వెలుపలికి చాపి తన తలంపును తెలుపుచుండెను. ఈ సంజ్ఞలను 1939 చట్టము నిర్దేశించినది. 1989 నాటి రహదారి నిబంధనలు కూడ వానిని నిలిపినవి. కుడిచేయి తిన్నగా చాచి, అరచేయి ముందుకు చూపినచో, ‘నేను కుడికి తిరుగుచున్నాను’ అని అర్థము. అదే చేయి చాచి, వెనుకనుండి ముందునకు అర్ధచంద్రాకారముగా ఊపినచో, ‘వెనుక వచ్చువాడా, నన్ను దాటి పొమ్ము’ అని అర్థము. రెంటికిని చేయి ఒక్కటే, ప్రక్క ఒక్కటే; కదలికలో మాత్రమే భేదము. చేయి నిలకడగా నున్నచో ఒక మాట, ఊగినచో మరియొక మాట.

తరువాత దీపము వచ్చినది. కుడివైపు దీపము ఆరుచు వెలుగుచు నుండుట తప్ప వేరొక కదలిక ఎరుగదు. చట్టము దృష్టిలో అది కుడికి తిరుగుటకే గుర్తు. కాని దూరపు బాటల లారీ చోదకులు, చేతితో చెప్పిన రెండు మాటలను ఈ ఒక్క దీపముతోనే చెప్పసాగిరి. కనుక రాత్రివేళ కర్నూలు బాటమీద ముందున్న లారీ కుడిదీపము వెలిగించినచో, ‘దాటి పొమ్ము’ అనుచున్నాడో, ‘తిరుగుచున్నాను, ఆగుము’ అనుచున్నాడో వెనుకవాడు గ్రహింపవలెను. ఒకటి ఆహ్వానము, రెండవది హెచ్చరిక. ఆ బాటలో పండినవాడు లారీ వేగమును, అది దారిమధ్యమునకు జరుగుచున్నదా అంచునకు జరుగుచున్నదా అనుటను చూచి అర్థము చేసికొనును. నగరములో మాత్రమే బండి నడపినవాడు చట్టములో చదివిన అర్థమును నమ్మి వెనుకనే యుండును. అతనికి ఆలస్యమే తప్ప అపాయము లేదు. అపాయమంతయు సగము నేర్చినవానికి. దీపమును చూచి అది ఆహ్వానమని నమ్మి, కుడికి తిరుగుచున్న లారీ ప్రక్కకు పోవువాడు ఆ సగము నేర్చినవాడే.

ముందరి పెద్దదీపములను ఒకసారి మెరపించుటయు ఇట్టిదే. ఇంగ్లండులో అట్లు మెరపించినచో ‘ముందు మీరు రండు’ అను మర్యాదగా గ్రహింతురు. మన బాటలమీద ‘నేను వచ్చుచున్నాను, నీవు ఆగుము’ అని దాని భావము. ఒకే మెరుపు రెండు దేశములలో రెండు విరుద్ధార్థములు! కొమ్ము సంగతి చెప్పనే అక్కరలేదు. ‘హారన్ ప్లీజ్’ అని లారీ వెనుక వ్రాసికొన్నవాడు శబ్దము చేయుమని తానే వేడుచున్నాడు. శబ్దము వినుటకు విసుగు చెందెడి పట్టణవాసి ఆ కేకను తిట్టుగా భావించును. వెనుకకు చూచుకొనుటకు సరియైన అద్దములు లేని రోజులలో చెవియే చోదకునికి మూడవ కన్ను అనుట మరువరాదు.

క్రొత్తవానిని గుర్తించుటకు బండి నంబరొకటి సాయపడుచుండెను. ఉమ్మడి రాష్ట్రములో ఏపీ 16 అన్న కృష్ణా జిల్లా, 21 అన్న కర్నూలు, 22 అన్న మహబూబ్‌నగరు, 28, 29 అన్న రంగారెడ్డి. శంషాబాదు కూడలిలో నిలిచినవాడు అంకె చూచి ఆసామి ఊరు చెప్పగలిగెడివాడు. ‘పాపము, పొరుగూరి బండి’ అని కొంత దారి విడుచుటయు కద్దు. మేము బెజవాడ నుండి బదిలీమీద వచ్చిన తొలిరోజులలో మా 16 అంకె వలన మాకు అట్టి దయ కొంత లభించినది, కొన్ని సలహాలు కూడ లభించినవి. 2014లో తెలంగాణ ఏర్పడగా ‘టీఎస్’ వచ్చినది; 2024 మార్చిలో అది ‘టీజీ’ అయినది. ఆంధ్రప్రదేశములో 2019 నుండి క్రొత్త బండ్లకు జిల్లా అంకె పోయి రాష్ట్రమంతటికి 39 అయినది. అట్టి నంబరు రాష్ట్రమును చెప్పునుగాని, ఊరు చెప్పదు. పండ్రెండు నెలలకు మించి వేరొక రాష్ట్రమున ఉంచిన బండికి అచటి నంబరు తీసికొనవలెనని 1988 చట్టపు 47వ సెక్షను చెప్పుచున్నది. బండికి ఏడాది గడువు; నడుపువానికి ఏ గడువును లేదు.

ఇంతవరకు వచ్చినవారి సంగతి. కదలకయే క్రొత్తవారైన వారి సంగతి ఇంకను మిగిలియున్నది, మా దృష్టిలో అదియే ముఖ్యము.

2008 మార్చి 23వ తేదీన బేగంపేటలోని విమానముల రాకపోకలు శంషాబాదునకు మారినవి. మామిడిపల్లి, గొల్లపల్లి మొదలగు గ్రామముల నేలతో కూడి అయిదువేల ఎకరములకు పైబడిన ప్రదేశములో విమానాశ్రయము వెలసినది. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు బాహ్య వలయ రహదారి తొలిభాగము తెరచిరి. మరుసటి ఏడాది అక్టోబరులో మెహదీపట్నము నుండి ఆరాంఘరు వరకు పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన వచ్చినది. రెండేండ్లలోపల ఊరి చుట్టు దారులన్నియు మారిపోయినవి. పూర్తియైన పిదప 158 కిలోమీటర్ల పొడవైన ఆ వలయ రహదారిమీద, 2023 నుండి గంటకు 120 కిలోమీటర్ల వేగమునకు అనుమతి కలదు. నడచువానికి, ద్విచక్ర వాహనమునకు, ట్రాక్టరునకు దానిపై ప్రవేశము లేదు.

అనగా తాతల నాటినుండి పొలమునకు అడ్డదారిన పోయిన రైతు ఇప్పుడు ప్రక్కబాట పట్టి, క్రిందిదారి ఎచటనున్నదో వెదకి, చుట్టు తిరిగి పోవలెను. కంటికెదురుగా నున్న చేను చేరుటకు ఎంత పెట్రోలు! దానికి తోడు, ఇటీవలి సంవత్సరములలో నగరమున పెక్కు కూడళ్ళు మూసి, దూరమున మలుపులు ఏర్పరచిరి. ఆ దూరము తప్పించుకొనుటకు ఎదురుదారిన వచ్చుటకే జనులు ‘రాంగ్ రూట్’ అని పేరు పెట్టిరి. అది తప్పని వారికి తెలియును. పేరులోనే ‘రాంగ్’ అని ఉన్నది గదా! కాని ఆ అలవాటును కేవలము మొరటుతనమనుట మాకు సమ్మతము కాదు. ఎడ్లబండి వేగమునకు ఏర్పడిన నడక అది. మనిషి కదలలేదు, దారియే వచ్చి అతని ముంగిట దిగినది. 1956లో క్రొత్తగా వచ్చినవారికి ఊరు దారి నేర్పినది. 2008లో ఊరికే దారి నేర్పవలసి వచ్చినపుడు నేర్పువాడు కనబడలేదు. అడ్డదిమ్మలు కట్టుట, జరిమానా చీటీలు వ్రాయుట నేర్పుట కాదు.

అందరును ఒక్కమారు క్రొత్తవారైనచో ఏమగునో స్వీడను దేశము చూపినది. 1967 సెప్టెంబరు 3వ తేదీ వేకువను ఆ దేశమంతయు ఎడమ నుండి కుడికి మారినది. నెలల తరబడి ముందుగా ప్రచారము చేసిరి. బడిపిల్లలకు సైతము నేర్పిరి. ప్రమాదములు పెరుగునని భయపడగా, మొదట అవి తగ్గినవి. ఎదుటివాడును తనవలెనే ఎరుగనివాడని ప్రతివాడును జాగ్రత్తపడెను. ఆ జంకు తీరిన రెండుమూడేండ్లకు ప్రమాదముల సంఖ్య తిరిగి యథాస్థితికి చేరినది. మన పొరుగున బర్మా 1970లో ఇట్లే కుడికి మారినది. మరి దశాబ్దములపాటు అచటి బండ్లలో పెక్కింటికి చక్రము కుడివైపుననే యుండెను.

శంషాబాదున ఎడమ, కుడి ప్రతిదినము కలిసికొనుచున్నవి. కరీంనగరు, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల నుండి గల్ఫునకు పోయి చోదకులుగా బ్రతుకువారు ఎందరో ఈ ద్వారమున పోవుచు వచ్చుచుందురు. దుబాయిలో నివసింపబోవు మనవాడు సాధారణముగా ఇచటి లైసెన్సు చూపి అచట బండి నడుపలేడు. మరల శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గవలెను. కర్నూలు నుండి హైదరాబాదునకు వచ్చువానికి అట్టి పరీక్ష లేదు. అచట అన్నియు కుడివైపున సాగును కావున, దారి దాటువాడు ముందుగా ఎడమవైపు చూడ నేర్చును. అట్టివారు ఏండ్ల తరువాత తిరిగి వచ్చి, సామాను బండి త్రోసికొనుచు వెలుపలికి రాగా, దారి దాటుటకు ముందు ఎడమకే చూతురు. కుడినుండి బండ్లు వచ్చుచుండును. ఎదురుకొనుటకు వచ్చిన తమ్ముడో బావమరిదియో ‘అన్నా, అటు కాదు, ఇటు చూడు’ అని భుజము పట్టి ఆపుటను మేము పలుమారు చూచితిమి.