పంటి నొప్పి

పంటిలోగాని, దాన్ని పట్టి ఉంచే చిగురు, ఎముకల్లోగాని పుట్టే నొప్పి. దీనికి ప్రధాన కారణం పిప్పి పన్ను. పన్నును పురుగు తొలుస్తుందన్న మాట పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది, పురుగేదీ ఉండదు. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి బ్యాక్టీరియా తీపిని ఆమ్లంగా మార్చి పంటి పైపొర ఎనామెల్‌ను కరిగించి గుంత చేస్తుంది. గుంత ఆ పొరకే పరిమితమైనంత కాలం నొప్పి తెలియదు. కింది డెంటిన్‌కు చేరితే చన్నీళ్లకు జివ్వుమంటుంది. నరాలుండే గుజ్జును తాకితే రాత్రి పడుకోగానే పోటు ఎక్కువవుతుంది. వేరు కొసన చీము పడితే ఆ పంటితో నమలడం కష్టమవుతుంది, బుగ్గ వాస్తుంది.

చిగుళ్ల జబ్బు మరో పెద్ద కారణం. ఇక్కడ ఒక సంగతి నొక్కి చెప్పాలి: పొగతాగేవారి చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా కారుతుంది, అందుకే జబ్బు ముదిరేదాకా బయటపడదు. పళ్లు కదలడం మొదలయ్యాకే చాలామంది డాక్టరు దగ్గరికి వస్తారు.

పగిలిన పన్ను, సాధారణంగా 17–25 ఏళ్ల మధ్య సగం మొలిచి ఆగిపోయే జ్ఞానదంతం కూడా బాధిస్తాయి. సైనసైటిస్ పై పళ్ల నొప్పిగా, అరుదుగా గుండెపోటు కింది దవడ నొప్పిగా తెలుస్తాయి. నల్లగొండ ప్రాంతంలో కనిపించే ఫ్లోరైడ్ మచ్చలు మాత్రం సాధారణంగా నొప్పి పెట్టవు.

లవంగనూనెలోని యూజినాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, జబ్బును నయం చేయదు. ఆస్పిరిన్ బిళ్లను చిగురుపై పెడితే పుండవుతుంది. వాపుతోపాటు జ్వరం వచ్చినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఆలస్యం చేయక దవాఖానకు వెళ్లండి.