నాగలి ఉంది, దున్నేవాడు లేడు



జనవరి 26 దగ్గరపడితే మా శాంతిపురం అంగళ్లలో కాగితపు జెండాలు, చొక్కాకు గుచ్చుకునే బ్యాడ్జీలు వేలాడతాయి. మర్నాటికి అవి చెత్తలో ఉంటాయి. తపాలా శాఖ అచ్చువేసిన పండగ గుర్తులు మాత్రం ఆల్బముల్లో మిగిలిపోతాయి. ఆ బిళ్లల్ని ఈసారి చరిత్ర పత్రాలుగా చదువుదాం.

1950 జనవరి 26న, గణతంత్రం మొదలైన రోజే, నాలుగు బిళ్లలు విడుదలయ్యాయి. 2 అణాల బిళ్ల మీద సంబరపడుతున్న జనం. మూడున్నర అణాల దాని మీద ఈక కలం, సిరాబుడ్డి. 4 అణాల దాని మీద ధాన్యపు కంకి, నాగలి. 12 అణాల దాని మీద రాట్నం, బట్ట.

నాగలి ఉంది, దున్నేవాడు లేడు. రాట్నం ఉంది, వడికే ఆడమనిషి లేదు. కలం ఉంది, రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షత వహించిన అంబేడ్కర్ లేడు. ఉత్తరం మీద అతుక్కుని ఊరికీ వాడకీ ఒకేలా వెళ్లే బొమ్మ అది. ఆ రోజు వాడకు చేరిన బొమ్మలో వాడ మనిషి ముఖం లేదు.

'బతికున్నవాళ్ల బొమ్మ వేయరు కదా సార్' అని క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. లెక్క చూద్దాం. గాంధీ 1948 జనవరి 30న హత్యకు గురైతే, అదే ఏడాది ఆగస్టు 15న, స్వాతంత్ర్యం తొలి వార్షికోత్సవానికి, ఆయన బిళ్లలు వచ్చాయి. ఏడు నెలలైనా నిండలేదు. అంబేడ్కర్ 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు. ఆయన తొలి బిళ్ల, 15 పైసలది, 1966 ఏప్రిల్ 14న వచ్చింది. తొమ్మిదేళ్లు దాటింది. ఈ మధ్యలోనే 1958లో మహర్షి కర్వేకు, 1960లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు వాళ్లు జీవించి ఉండగానే బిళ్లలు వేశారు. అంటే బతికున్నవాళ్లకు వేయకూడదన్న పట్టింపు ఉన్నా, కావాలనుకుంటే సడలింది. వాళ్లు అర్హులే, పేచీ లేదు. ఎవరికోసం సడలింది, ఎవరు ఎంతకాలం ఆగాల్సి వచ్చింది అన్నదే నా ప్రశ్న.

జోతీరావు ఫూలేకు 1977 దాకా, సావిత్రీబాయికి 1998 దాకా బిళ్ల లేదు. ఆమె చనిపోయి అప్పటికి నూటొక్క ఏళ్లు.

బిళ్ల వేసినంత మాత్రాన కులం పోదు. అయినా దేశం తన పుట్టినరోజున ఎవరిని గుర్తుచేసుకుంటుందో అందులో కనబడుతుంది. ఈసారి మీ కాలేజీ వేడుకల్లో పంచే బ్యాడ్జీ, పోస్టరు, సావనీరు ఏదైనా చేతికొస్తే రెండు వైపులా తిప్పి చూడండి. పనిముట్టు ఉండి మనిషి లేకపోతే, ఆ మనిషి ఎవరని వేదిక మీదే అడగండి.