సగంలో ఆగిన పనికి ఒక పేరు

గూడూరులో మా మామయ్య పాత కంప్యూటర్‌లో ఉబుంటు అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటొచ్చాక ఏది ఎక్కించబోయినా ఒకటే మాట: డీపీకేజీ పని మధ్యలో ఆగింది, నువ్వే సరిచెయ్యి.

"అంతా తుడిచేసి మళ్లా ఎక్కిచ్చేద్దాం అల్లుడా" అన్నాడు మామయ్య. ఆయన ఏళ్ల తరబడి రాసుకున్న మగ్గం లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు.

తుడవక్కర్లేకపోవడానికి కారణం ముప్ఫై ఏళ్ల కిందటిది. 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. ఉబుంటుకి పునాది అదే. దాని ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీని 1994లో ఇయాన్ జాక్సన్ చాలావరకు తిరగరాశాడు.

ప్యాకేజీ అంటే ఉందా లేదా అనే కదా మనం అడుగుతాం. డీపీకేజీ ఈ రెంటితో సరిపెట్టుకోదు. సగం ఎక్కింది, విప్పడమైంది, సగం అమర్చింది, ఇలా మధ్య దశలకీ పేర్లున్నాయి. ప్రతి ప్యాకేజీ ఏ దశలో ఉందో స్టేటస్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసిపెడుతుంది. కొత్త ఫైలుని ముందు వేరే పేరుతో దించి, పూర్తయ్యాకే పాతదాని స్థానంలో పెడుతుంది.

ఇదీ ఒక్కసారిగా కుదరలేదు. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వచ్చాక, పేరు మార్చాక, డేటా డిస్కు మీద పడకముందే కరెంటు పోతే కొన్ని ఫైళ్లు ఖాళీగా మిగిలేవి. 2010లో డీపీకేజీ వాళ్లు దారి మార్చారు. డేటా డిస్కు మీద నిజంగా పడేదాకా ఆగి, ఆ తర్వాతే పేరు మార్చడం మొదలుపెట్టారు. ఇన్‌స్టాలేషన్ నెమ్మదించిందని జనం విసుక్కున్నారు. నేనూ విసుక్కున్నాను, ఎందుకో తెలియక.

ఆ రాత్రి కొట్టినవి రెండే కమాండ్లు. 'డీపీకేజీ కాన్ఫిగర్' విప్పి వదిలేసినవాటిని అమర్చింది. 'ఏపీటీ ఫిక్స్ బ్రోకెన్' తక్కువైనవాటిని తెచ్చి ఎక్కించింది. లెక్కలు భద్రం. ముందుగా వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను.

"పోగు తెగితే చీర పారేస్తామా, అతుక్కుంటాం గానీ" అన్నాడు మామయ్య. "కానీ ఎక్కడ తెగిందో కనబడాల గదా?"

అదే ప్రశ్న. ఆఫీసులో నేను రాసే కోడ్‌లో ఇప్పటికీ రెండే స్థితులు: అయింది, కాలేదు. మధ్యలో ఆగినదానికి నేనింకా పేరు పెట్టలేదు.