గుహలో దేవుడు, గోడ అవతల నది

మేళ్లచెరువులో పుట్టినవాళ్ళకు దేవుళ్ళు ఇద్దరు. ఒకరు ఊరి దేవుడు, ఇంకొకరు ఆపద దేవుడు. ఊరి దేవుడు శంభులింగేశ్వరుడు. పొద్దున లేస్తే కనిపిస్తాడు, పెళ్ళి పత్రిక మొదట ఆయన ముందే పెడతాం, శివరాత్రి జాతరలో ఆయన పేరు చెప్పి ప్రభలు కడతాం, ఎడ్ల చేత బండ లాగిస్తాం. ఆపద దేవుడు మట్టపల్లి నరసింహస్వామి. ఆయన దగ్గరికి ఊరికే పోయేవాళ్ళు తక్కువ. జ్వరం దిగకపోయినా, పిల్లకు సంబంధం కుదరకపోయినా, ఇంట్లో మనిషి మనిషిలా లేకపోయినా మా నాయనమ్మ ఒకటే మాట అనేది: "మట్టపల్లి పోయి నిద్ర చేసి రాండి."

శంభులింగేశ్వరుడి సంగతి రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. లింగం నడినెత్తిన చిన్న గుంట ఉంటుంది, అందులో నీళ్ళు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. పూజారి ఆ నీళ్ళే తీర్థంగా పోస్తాడు. ఆవు ఆ రాతి మీద పాలు ధారపోస్తోందని కోపమొచ్చి ఒకడు లింగాన్ని పదకొండు ముక్కలు చేసి పదకొండు చోట్ల పారేశాడని, తెల్లారేసరికి లింగం మళ్ళీ అక్కడే మొలిచిందని మా ఊరి కథ. గుడి కాకతీయుల కాలం నాటిదంటారు. లింగం ఏటా కొంచెం కొంచెం పెరుగుతోందని కూడా అంటారు. దక్షిణ కాశి అని మా ఊరికి ఇంకో పేరుంది. ప్రతి పది ఊళ్ళకూ ఒక దక్షిణ కాశి ఉన్న తెలుగుదేశంలో ఆ పేరు మీద నాకు పెద్ద పట్టింపు లేదు.

మట్టపల్లి సంగతే ఈ వ్యాసం. ముందుగా బయటివాళ్ళకు ఒక హెచ్చరిక. మఠంపల్లి వేరు, మట్టపల్లి వేరు. మఠంపల్లి మండల కేంద్రం. శుభవార్త చర్చి ఉన్న ఊరు, క్రిస్మస్‌కు చుట్టుపక్కల జనమంతా అక్కడే ఉంటారు. మట్టపల్లి ఆ మండలంలోదే, కృష్ణ ఒడ్డున ఉంటుంది. ఒకదానికి టికెట్ తీసుకుని ఇంకోదాన్లో దిగినవాళ్ళను నేనే ఇద్దరు ముగ్గురిని చూశాను. అటు పాలకీడు వైపు పోతే జాన్‌పహాడ్ దర్గా. మా బడిలో ఒక్కో తరగతిలో ఇద్దరు నరసింహలు, ముగ్గురు సైదులు ఉండేవాళ్ళు. ఆ సైదుల్లో ఎక్కువమంది హిందువుల పిల్లలే, జాన్‌పహాడ్ సైదులుకు మొక్కుకుంటే పుట్టినవాళ్ళు. మా ప్రాంతం ఎట్లాంటిదో చెప్పడానికి బడి హాజరు పట్టీ ఒక్కటి చాలు.

నేను మొదటిసారి మట్టపల్లి పోయింది ఎడ్లబండి మీద. మా తమ్ముడికి ఫిట్స్ వచ్చేవి. బండిలో వరిగడ్డి పరిచి వాణ్ణి పడుకోబెట్టి, అమ్మ, నాయనమ్మ, నేను, బండి తోలే నాన్న. బియ్యం, చింతపండు, ఎండుమిరపకాయలు, ఒక ఇత్తడి గిన్నె కూడా బండిలోనే. పదకొండు రోజుల కాపురం మరి. మూడు పూటలా కృష్ణలో మునగడం, తడిబట్టలతోనే గుడి చుట్టూ ముప్ఫై రెండు ప్రదక్షిణలు, రాత్రి గుడి దగ్గరే పడక. నృసింహ మంత్రంలో ముప్ఫై రెండు అక్షరాలు ఉంటాయి కాబట్టి ప్రదక్షిణలూ అన్నే అని తర్వాత ఒక అర్చకుడు చెప్పాడు. నాయనమ్మకు మంత్రం రాదు, లెక్క మాత్రం తప్పేది కాదు. కొంగున ముప్ఫై రెండు చింతగింజలు కట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కోటి ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకునేది.

గర్భాలయం గుహే. బయటి మండపాలు, గోపురం ఎప్పుడెప్పుడు ఎవరు కట్టించినా లోపల ఉన్నది కొండరాయి. తల వంచకపోతే కుదరదు. అర్చకుడు "తల, తల" అంటూనే ఉంటాడు, ఎవరో ఒకరు ఠంగుమని కొట్టించుకుంటూనే ఉంటారు. మా నాన్న పొడగరి. ఆ పదకొండు రోజుల్లో ఆయన నుదుటి మీద విభూతి ఎంత ఉందో బొప్పీ అంతే ఉందని అమ్మ ఏళ్ళ తరబడి నవ్వేది. లోపల నూనె దీపం వేడి, తడిబట్టల వాసన, తులసి వాసన, రాతి చెమ్మ. శేషుడి పడగ కింద స్వామి చిన్నగా ఉంటాడు. నరసింహుడంటే స్తంభం చీల్చుకుని వచ్చిన భీకర రూపం ఉంటుందని భయపడుతూ పోయిన నాకు, గూట్లో దీపంలా కూర్చున్న ఆ మూర్తిని చూసి కొంచెం నిరాశే కలిగింది. ఇప్పుడు ఆ చిన్న రూపమే నాకు నచ్చుతుంది. రాజ్యలక్ష్మి, చెంచులక్ష్మి అమ్మవార్లు కూడా ఉన్నారు. ఒకావిడ కోట మనిషి, ఇంకొకావిడ అడవి మనిషి.

స్థలపురాణం ప్రకారం ఈ గుహలో భరద్వాజ మహర్షి స్వామిని కొలిచాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరికీ తెలియకుండా పొదల్లో ఉండిపోయింది. ఏటి అవతల తంగెడలో అనుమల మాచిరెడ్డి అనే ఆయనకు స్వామి కలలో కనిపించి ఫలానా చోట ఉన్నాను, బయటికి తీయమన్నాడు. మాచిరెడ్డి మనుషులను వెంటబెట్టుకుని ఏరు దాటి వచ్చి వెతికాడు, దొరకలేదు. అలసి పడుకుంటే మళ్ళీ కల. ఆరె చెట్టు మీద పక్షి వాలి ఉంటుంది, దాని వెనక పొద తొలగించి చూడు అని. చూస్తే గుహ, గుహలో స్వామి. ఇదంతా పదకొండు వందల ఏళ్ళ కిందటి మాటంటారు.

అందుకే ఇప్పటికీ అక్కడ ఆరె పత్రితో పూజ చేస్తారు. ఆరె ఆకును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఒకే ఆకు నడిమికి చీలి రెండు రెక్కలైనట్టుంటుంది, వాలిన సీతాకోకచిలుక లాగా. కాస్త గరుకు. మా వైపు పొలాల గట్ల మీద ఈ చెట్టు మామూలే, మేకలకు కొట్టి వేస్తారు, పూర్వం బీడీలకూ వాడేవాళ్ళు. ఏ పారిజాతమో మందారమో కాకుండా, మేకలు తినే ఆకును దేవుడు తన గుర్తుగా పెట్టుకోవడం ఈ కథలో నాకు బాగా నచ్చే విషయం.

ఇంకో విషయం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఇవతలి ఒడ్డున ఉన్న దేవుణ్ణి కనుక్కున్నది అవతలి ఒడ్డు మనిషి. నది అడ్డం అనుకోలేదు, దాటి వచ్చాడు. తర్వాతి కాలంలో అదే నది సరిహద్దయింది. కంపెనీ పాలన వచ్చాక తంగెడ ఇంగ్లీషువాడిది, మట్టపల్లి నిజాముది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు కలిసేదాకా అట్లాగే నడిచింది. మా తాత చెప్పేవాడు: అప్పట్లో స్వామి హుండీలో నిజాం హాలీ రూపాయి, కంపెనీ రూపాయి రెండూ పడేవట. ఒడ్డున సుంకం వసూలు చేసే కరోడ్గిరి వాళ్ళు మూటలు విప్పి చూసేవాళ్ళు, కొబ్బరికాయ మూట మాత్రం విప్పేవాళ్ళు కాదు. రజాకార్ల రోజుల్లో మా వైపు ఊళ్ళవాళ్ళు చీకట్లో ఏరు దాటి బతికారు. 1956లో సరిహద్దు పోయింది, 2014 జూన్ 2న మళ్ళీ వచ్చింది. ఇప్పుడు తంగెడ ఆంధ్రప్రదేశ్‌లో పల్నాడు జిల్లా, మట్టపల్లి తెలంగాణలో సూర్యాపేట జిల్లా. మాచిరెడ్డి ఇప్పుడు వస్తే రాష్ట్రం దాటి రావాలి.

నా చిన్నప్పుడు దాటడానికి బల్లకట్టు ఉండేది. మనుషులు, ఎడ్లు, బస్తాలు, ఒక్కోసారి లారీ కూడా దాని మీదే. కల్యాణానికి వైశాఖంలో పల్నాటి జనం బల్లకట్టు మీద దిగుతుంటే ఇవతలి ఒడ్డు అరుగులన్నీ నిండిపోయేవి. వాళ్ళ మాట యాస వేరు, మిరపకాయ ఘాటు వేరు, మొక్కు మాత్రం ఒకటే. ఇప్పుడు వంతెన వచ్చింది. బల్లకట్టు మీద అరగంట చేసిన పరిచయాలు వంతెన మీద రెండు నిమిషాల్లో కావు కానీ, పురిటినొప్పులతో ఉన్న ఆడమనిషిని అడిగితే వంతెనకే ఓటేస్తుంది. నేనూ అంతే.

కృష్ణ ఒడ్డున ఐదు నరసింహ క్షేత్రాలను కలిపి పంచ నారసింహాలంటారు: మూసీ కలిసే చోట వాడపల్లి, తర్వాత మట్టపల్లి, కేతవరం, వేదాద్రి, మంగళగిరి. మట్టపల్లి పేరు మా నాలుగు మండలాలు దాటి తెలుగునాట అంతటా పాకడానికి మాత్రం ముక్కూరు లక్ష్మీనరసింహాచార్యుల ప్రవచనాలు, యజ్ఞాలు కారణం. ఆయన రాసిన మంగళాష్టకం ఇప్పుడు హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో కూడా వినిపిస్తుంది. పేరు పెరిగాక సత్రాలు పెరిగాయి. కులానికో సత్రం. గుహలోకి పోయేటప్పుడు అందరి తలా వంగాల్సిందే, అన్నం తినేటప్పుడు మాత్రం ఎవరి బోర్డు కిందికి వాళ్ళు పోవాలి. ఇది నాకు మింగుడు పడదు. స్వామికైనా పడుతుందా అని నా అనుమానం.

ఇప్పుడు నది సంగతి. 2009 అక్టోబరులో వచ్చిన వరద మా తరం మరిచిపోయేది కాదు. అయితే వరద వచ్చి పోతుంది. పులిచింతల ప్రాజెక్టు నీరు అట్లా కాదు, వచ్చి ఉండిపోయింది. ఆ ప్రాజెక్టుకు 1988లో ఎన్టీ రామారావు శంకుస్థాపన చేశారు, 2004లో రాజశేఖర రెడ్డి మళ్ళీ చేశారు, 2013 డిసెంబరులో కిరణ్ కుమార్ రెడ్డి జాతికి అంకితం చేశారు. నిండితే 45.77 టీఎంసీలు, నీటిమట్టం 175 అడుగులు. కృష్ణా డెల్టా నాట్లకు నీళ్ళు సమయానికి అందడానికి కట్టారు. ఇవతలి ఒడ్డున 120 మెగావాట్ల కరెంటు కూడా పుడుతుంది. ఆ 175 అడుగుల లెక్కలోకి మట్టపల్లి గుడి కూడా వచ్చింది. అందుకని గుడిని కాపాడటానికి కరకట్ట కట్టారు.

మొన్న కార్తీకంలో పోయాను. రిజర్వాయరు నిండుగా ఉంది. కరకట్ట ఎక్కి నిలబడితే ఒక పక్క నీళ్ళు ఎత్తులో, ఇంకో పక్క గుడి పల్లంలో. అడుగున ఎక్కడో ఊట దిగుతోంది, దాన్ని మోటారు పెట్టి తోడి మళ్ళీ ఏట్లోకే పోస్తున్నారు. పైపు నోటి దగ్గర ఒక ముసలామె కూర్చుని ఆ నీళ్ళతో మొహం కడుక్కుంటోంది. "ఎన్నో రోజమ్మా?" అనడిగాను. "ఏడోది బిడ్డా. మోకాళ్ళు గోడ ఎక్కనిస్తలేవు. ఇవి కూడ కృష్ణ నీళ్ళే కదా," అంది. ఒకప్పుడు మెట్లు దిగితే పారే నీరు, ఇప్పుడు గోడ ఎక్కితే నిలిచిన నీరు. గుహకు, నదికి మధ్య ఇన్ని వందల ఏళ్ళలో మొదటిసారి ఒక గోడ వచ్చింది. గోడ లేకపోతే గుహ లేదు, అదీ నిజమే.

గుడికి కరకట్ట కట్టారు, ఊళ్ళకు పరిహారం కట్టారు. అప్పటి మా మేళ్లచెరువు మండలంలోనివే నెమలిపురి, చింత్రియాల, వెల్లటూరు, రేబల్లె, అడ్లూరు. ఇవన్నీ ముంపు పేర్లు. 2016లో చింతలపాలెం మండలం విడిపోయాక అవి మా మండల పటంలో కూడా లేవు. ఆ ఊళ్ళలో పిల్లలు నాతో చదువుకున్నారు. ఏటిగడ్డ వంకాయలు, దోసకాయలు మా సంతకు వచ్చేది అక్కడి నుంచే. ప్రతి ఊరికీ ఒక రామాలయం, ఒక ముత్యాలమ్మ, ఒక బొడ్రాయి ఉండేవి. కొన్నింటిని పునరావాస కాలనీల్లో మళ్ళీ నిలబెట్టారు. బొడ్రాయిని కొత్తగా వేయొచ్చు. అది చూసిన జనం మాత్రం తలో దిక్కు పోయారు. అవతలి ఒడ్డున ఒకప్పుడు ప్రపంచమంతా వజ్రాల కోసం ఎగబడిన కొల్లూరు కూడా ఆ నీళ్ళ కిందే ఉంది. కోహినూరు పుట్టిందంటున్న చోట ఇప్పుడు చేపల వలలు వేస్తున్నారు.

2020 జనవరి 26 తెల్లవారుజామున రెండున్నర దాటాక మా మంచాలు కదిలాయి. భూకంప తీవ్రత నాలుగున్నర దాటిందన్నారు. అంతకు ముందే చింతలపాలెం వైపు రోజూ చిన్న చిన్న చప్పుళ్ళు, ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు వచ్చి యంత్రాలు పెట్టారు. క్వారీల్లో బ్లాస్టింగ్ అలవాటైన ఊరు కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు. మా నేలంతా సున్నపురాయి. ఆ రాయి కోసమే చుట్టూ ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. మా ఊరి అరుగులకు నాపరాళ్ళు, దేశం మేడలకు సిమెంటు ఈ నేలలోంచే. బొర్రా, బెలుం గుహలను నీరు తొలిచింది ఇట్లాంటి సున్నపురాతిలోనే. ఆ రాత్రి వీధిలో నిలబడి పక్కింటాయన అన్న మొదటి మాట: "మట్టపల్లి గుహకు ఏం కాలేదు కదా?" తన ఇంటి గోడ బీటలు ఆయన పొద్దున్నే చూసుకున్నాడు.

మా తమ్ముడి సంగతి చెప్పలేదు కదూ. ఫిట్స్ తగ్గాయి. అదే ఏడు గుంటూరు డాక్టరు మందు కూడా మొదలుపెట్టారు. నాయనమ్మ చివరిదాకా డాక్టరు మాట ఎత్తలేదు, నాన్న చివరిదాకా గుహ మాట ఎత్తలేదు. ఏటా వైశాఖంలో బండి మాత్రం కట్టేవాడు.

సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో 1208లో ఎరకసానమ్మ కట్టించిన గుడికి శాసనం ఉంది, ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా చదువుకుంటున్నాం. మన కళ్ళ ముందే మునిగిన మా పక్క ఊళ్ళకు శాసనం లేదు. అందుకే ఒక మనవి. నెమలిపురి, చింత్రియాల, రేబల్లె, వెల్లటూరు, అడ్లూరు వాళ్ళు ఎక్కడ ఉన్నా, మీ ఊరి గుడి ముందు దిగిన పెళ్ళి ఫొటో ఒకటైనా ఇంట్లో ఉంటుంది. వెనక ఊరి పేరు, ఏడాది, అందులో ఉన్నవాళ్ళ పేర్లు రాసి పెట్టండి. మేళ్లచెరువు శివరాత్రికి వచ్చేటప్పుడు వెంట తెండి, నకలు తీసుకుని ఫొటో తిరిగి ఇచ్చేస్తాం. కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో వస్తున్నాయి. మట్టపల్లి ఘాట్‌లో ఆ ఊళ్ళ పెద్దలకు పిండం పెట్టేవాళ్ళు వస్తారు. అప్పటికి ఆ పేర్లన్నీ ఒక పుస్తకంలో ఉండాలి.